దీవుల నేస్తం స్టీవెన్సన్



దేవరాపల్లి పిల్లలకు నీళ్ళంటే రైవాడ రిజర్వాయరు, శారదా నది. సముద్రాన్ని మాత్రం మనలో చాలామంది విశాఖపట్నం వెళ్ళినప్పుడే మొదటిసారి చూసి ఉంటాం. బీచిలో నిలబడి డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్‌ని చూస్తూ, ఈ నీళ్ళకు అవతల ఏముందో అని మేము చాలాసార్లు అనుకున్నాము. అలా అనుకుని నిజంగానే పడవెక్కిన ఒక రోగిష్టి రచయిత జీవితాన్ని ఈ వార్షికోత్సవ సంచికలో మీ ముందుంచుతున్నాము. ఆయనే రాబర్ట్ లూయీ స్టీవెన్సన్. ఆయన రాసిన ట్రెజర్ ఐలాండ్ నవలను నండూరి రామమోహనరావు గారు కాంచన ద్వీపం పేరుతో తెలుగు పాఠకులకు అందించారు.

స్టీవెన్సన్ 1850 నవంబరు 13న స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో పుట్టారు. వారిది లైట్‌హౌస్‌లు కట్టే ఇంజనీర్ల కుటుంబం. తాతగారు సముద్రం మధ్య రాతి మీద కట్టిన బెల్ రాక్ దీపస్తంభం 1811లో వెలిగింది. మనవడికి మాత్రం చిన్నప్పటి నుండి ఊపిరితిత్తుల బాధే. చిన్నతనంలో ఎన్నో రాత్రులు దగ్గుతూ మంచం మీదే గడిచిపోయాయి. పక్కన కూర్చుని కథలు చెప్పిన ఆయాను ఆయన జీవితాంతం మరువలేదు. 1885లో వచ్చిన తన పిల్లల గేయాల పుస్తకాన్ని ఆమెకే అంకితమిచ్చారు.

తండ్రి ఇంజనీరింగులో చేర్పించారు. 1871లో ఆ చదువు వద్దని చెప్పి తండ్రి మనసు కష్టపెట్టారు. తరువాత లా చదివి 1875లో ప్లీడరయ్యారు గాని ఆ పనీ చేయలేదు. రచనే తన పని అనుకున్నారు. 1879లో తాను ప్రేమించిన ఫానీ కోసం అమెరికా బయలుదేరి, వలస కూలీలతో పాటు రైలు పెట్టెలో దేశమంతా దాటి కాలిఫోర్నియా చేరేసరికి చావు దగ్గరకు వచ్చింది. 1880లో ఆమెనే పెళ్ళి చేసుకున్నారు.

1881 వేసవిలో ఫానీ కొడుకు లాయిడ్‌తో కలిసి సరదాగా ఒక దీవి పటం గీశారు. ఆ పటం నుండే కాంచన ద్వీపం పుట్టింది. 1883లో పుస్తకమై ప్రపంచమంతా పేరు తెచ్చింది. అందులోని దీవిలో పాతిపెట్టిన ధనం ఉంది, దొంగలున్నారు. తరతరాలుగా అక్కడే బతుకుతున్న జనం మాత్రం లేరు. అప్పటికి ఆయన దక్షిణ సముద్రాల్లోని ఏ దీవినీ చూడలేదు.

చూసే రోజు 1888లో వచ్చింది. అంతకు ముందు ఏడు తండ్రి చనిపోయారు. జబ్బు తగ్గడం లేదు. సముద్రపు గాలి మేలు చేస్తుందని భావించి శాన్ ఫ్రాన్సిస్కోలో కాస్కో అనే తెరచాప పడవను అద్దెకు తీసుకున్నారు. జూన్ 28న తల్లి, భార్య, లాయిడ్, ఒక పనిమనిషితో కలిసి బయలుదేరారు. నెల రోజులు నాలుగు దిక్కులా నీరే. పడకకు అంటుకుపోయిన మనిషి డెక్కు మీదికి వచ్చి ఎండలో కూర్చున్నారు. జూలై 28న మార్క్వెసాస్ దీవుల్లోని నుకుహివా కనిపించింది.

అక్కడ ఆయనకు ధనపు పెట్టెలు కనబడలేదు. బయటివాళ్ళు తెచ్చిన మశూచి వంటి రోగాలతో ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయి, మిగిలిన కొద్దిమంది కనిపించారు. వాళ్ళను చూస్తే తన స్కాట్లాండు కొండజాతుల వారే గుర్తొచ్చారు. ఆ జాతులను కూడా బ్రిటిష్ పాలకులు అణిచివేశారు. అందుకే తమ పెద్దల కథ ఒకటి తాను చెప్పేవారు, వారి పెద్దల కథ ఒకటి వారిచేత చెప్పించుకునేవారు. ఒకరి దగ్గర కథ తీసుకోవాలంటే ముందు మన కథ ఇవ్వాలని ఆయనకు తెలుసు.

సెప్టెంబరులో కాస్కో ఫకరావా చేరింది. అది ఉప్పునీటి మడుగు చుట్టూ పగడపు రాయి ఉంగరంలా పేరుకుని ఏర్పడిన దీవి. కొండ లేదు, ఏరు లేదు. ఉన్నదల్లా తెల్లని ఇసుక, కొబ్బరి చెట్లు. తాగడానికి వాన నీరే ఆధారం. అటువంటి చోట కూడా మనుషులు బతుకుతున్నారు.

తరువాత తాహితీలో జబ్బు తిరగబెట్టింది. పడవకు తెరచాపలు కట్టే కొయ్యలు పుచ్చిపోయాయని తెలిసి బాగుచేయడానికి పంపించారు. చేతిలో డబ్బు, తిండి అయిపోయిన ఆ రోజుల్లో తౌతీరా ఊరి పెద్ద ఓరి తన ఇంట్లోనే ఉంచుకుని రెండు నెలల పాటు ఆదరించాడు. అక్కడి ఆచారం ప్రకారం ఇద్దరూ పేర్లు మార్చుకుని అన్నదమ్ములయ్యారు. పెద్ద పడవలో వచ్చిన పెద్దమనిషిని దీవి మనిషే కాపాడాడు!

1889లో హవాయి చేరాక మొలొకాయి దీవిలోని కుష్ఠు రోగుల స్థావరానికి వెళ్ళారు. వారికి సేవ చేసి, అదే వ్యాధితో ఫాదర్ డామియెన్ చనిపోయి అప్పటికి కొద్ది వారాలే అయింది. స్టీవెన్సన్ చేతి తొడుగులు లేకుండానే అక్కడి బాలికలతో బంతాట ఆడారు, తరువాత వారికి ఒక పియానో పంపించారు. డామియెన్‌ను ఒక మతాధికారి నిందించినప్పుడు 1890లో ఘాటుగా బహిరంగ లేఖ రాశారు.

ఆ ఏడే సమోవాలో వైలిమా అనే చోట స్థిరపడ్డారు. సమోవా ఫిజీకి ఈశాన్యంగా ఉంటుంది. 1903 నుండి మన తెలుగువారు కూలి ఒప్పందాల మీద ఓడలెక్కి వెళ్ళింది ఆ ఫిజీకే. సమోవా ప్రజలు స్టీవెన్సన్‌ను టుసిటాలా, అంటే కథలు చెప్పేవాడు, అని పిలుచుకున్నారు. ఆయన తప్పులెరుగని మనిషని మేము చెప్పడం లేదు. అక్కడ మూడు వందల ఎకరాలకు పైగా కొన్న తెల్లవారిలో ఆయనా ఒకరు. అయినా జర్మనీ, బ్రిటన్, అమెరికా ఆ దేశాన్ని పంచుకోవడానికి ఆడుతున్న ఆటను చూసి ఊరుకోలేదు. లండన్ పత్రికకు లేఖలు రాశారు, 1892లో ఒక పుస్తకమే ప్రచురించారు. 1893 యుద్ధంలో ఓడి జైలు పాలైన సమోవా పెద్దలను చూడటానికి ఆహారం పట్టుకుని వెళ్ళారు.

1894లో ఆ పెద్దలు విడుదలయ్యారు. ఇంటికి వెళ్ళి విశ్రాంతి తీసుకోక, తమవారితో వచ్చి వైలిమాకు రోడ్డు వేశారు. కూలి అడగలేదు, తిండి కూడా తామే తెచ్చుకున్నారు. దానికి ప్రేమ నిండిన హృదయాల బాట అని పేరు పెట్టారు.

ఆ ఏడే డిసెంబరు 3న మెదడులో నరం చిట్లి స్టీవెన్సన్ చనిపోయారు. వయసు 44 ఏళ్ళు. తనను వాయియా కొండ మీద పాతిపెట్టాలన్నది ఆయన కోరిక. దారి లేని ఆ కొండకు సమోవా ప్రజలు అడవి నరికి దారి చేసి, భుజాల మీద మోసుకెళ్ళారు. ఆ సమాధి ఇప్పటికీ అక్కడే ఉంది.

మిత్రులారా! కాంచన ద్వీపం రాసినప్పుడు స్టీవెన్సన్‌కు దీవి అంటే ధనం దొరికే చోటు. కాస్కో ఎక్కిన తరువాత దీవి అంటే మనుషులుండే చోటయింది. మన హాస్టల్లో చదివినవారు రేపు టీచర్లుగా, నర్సులుగా, ఉద్యోగులుగా ఎగువన అనంతగిరి మన్యానికి వెళ్ళవచ్చు, ఇంకా దూరం వెళ్ళవచ్చు. మన ఊరికి వచ్చిన ఉద్యోగి మన పేరు అడగకుండా, మన మాట వినకుండా వెళ్ళిపోతే ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఆ బాధ తెలిసిన మనం, రేపు వెళ్ళిన చోట అదే పని చేయకూడదు. ముందు వారి పేరు అడుగుదాం, వారి కథ విందాం, మన కథ చెబుదాం. మన కోసం కూడా ఎవరైనా ఒక బాట వేస్తే, ఏ పట్టా అయినా దాని తరువాతే అని మేము నమ్ముతున్నాము.