క్లౌ దొరగారి మూడు నియమాలు

1878 జూలై 3. ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఆ ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని నీళ్లలోకి దిగారు. ఒడ్డున ఉన్న క్లౌ దొరగారు మాత్రం తన చేత్తో ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఈ సంగతి మన సంఘాల్లో చాలామందికి తెలుసు. అయితే ఆ వేలాది మందికి నేర్పిన మూడు నియమాల సంగతి తెలిసినవారు తక్కువ. క్రైస్తవులు ధర్మశాస్త్రానికి లోబడాలా వద్దా అని నేడు అడుగుతున్నవారంతా ఆ నియమాల కథ వినాలి.

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. పడుచుతనంలో మిన్నెసోటా అడవుల్లో గొలుసు పట్టి భూములు కొలిచే సర్వే పని చేశారు. అయోవాలో కాలేజీ చదువుతుండగా ప్రభువును ఎరిగారు. 1865లో నెల్లూరు చేరి తెలుగు నేర్చుకుని, 1866లో ఒంగోలులో కాపురం పెట్టారు. అప్పటికే తాళ్లకొండపాడు వాస్తవ్యుడైన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం మీద ఉత్తరాదికి వెళ్లినప్పుడు సువార్త విని వచ్చాడు. మాదిగ కులంలో పుట్టి, గురువుల దగ్గర యోగం అభ్యసించి, దేవుని కోసం ఏళ్ల తరబడి వెదికిన మనిషి. ఆయనా, భార్య నాగమ్మా 1866లోనే బాప్తిస్మం పొందారు. మరుసటి జనవరిలో క్లౌ దొరగారు తాళ్లకొండపాడు వెళ్తే మరో 28 మంది సిద్ధంగా ఉన్నారు.

దాంతో ఒంగోలులో చిక్కు వచ్చిపడింది. తమ పిల్లల్ని దొరగారి బడికి పంపుతున్న పెద్ద కులాలవారు, మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని తేల్చి చెప్పారు. దొరగారు ఒక గదిలో, ఆయన భార్య హారియెట్ మరో గదిలో ప్రార్థించి బైబిలు తెరిస్తే, ఇద్దరికీ 1 కొరింథీ మొదటి అధ్యాయంలోని ఒకే భాగం కనబడింది. లోకం ఎన్నికలేనివారిగా చూసేవారినే దేవుడు ఏర్పరచుకుంటాడని చెప్పే భాగం అది. ఇద్దరూ ఇక వెనకాడలేదు. యొప్పేలో పేతురుకు కలిగిన దర్శనం తెలుగునేల మీద మరోసారి నెరవేరినట్టయింది.

ఆ విశ్వాసులకు నేర్పిన నియమాలు మూడే. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు.

వినగానే మోషే ధర్మశాస్త్రం గుర్తొస్తుంది. విగ్రహాలు వద్దన్నదీ, విశ్రాంతి దినమన్నదీ పది ఆజ్ఞల్లోనివే. చచ్చినదాని మాట లేవీయకాండము 17లోనూ, ద్వితీయోపదేశకాండము 14లోనూ ఉంది. మరి దొరగారు తెలుగువారి మెడ మీద యూదుల కాడి మోపారా?

జాగ్రత్తగా చూడండి. ధర్మశాస్త్రం చెప్పిన విశ్రాంతి దినం శనివారం. ఆయన నేర్పింది ప్రభువు తిరిగి లేచిన ఆదివారం. ధర్మశాస్త్రం పంది మాంసాన్నీ, పొలుసులు లేని చేపల్నీ నిషేధించింది. మూడు నియమాల్లో వాటి ఊసే లేదు, సున్నతి మాటా లేదు. మరో విశేషముంది. ద్వితీయోపదేశకాండము 14:21 ప్రకారం చచ్చినదాన్ని ఇశ్రాయేలీయుడు తినకూడదు గాని, పరదేశికి ఇవ్వవచ్చు, అన్యునికి అమ్మవచ్చు. ఆ అక్షరాన్నే పట్టుకుంటే తెలుగువాడికి ఆ నిషేధమే లేదు! అయినా ఆ నియమం ఎందుకు పెట్టారు?

జవాబు నాటి మన పల్లెల్లో ఉంది. ఊళ్లో ఎద్దు చచ్చినా, గేదె చచ్చినా కళేబరం మాదిగవాడకే వెళ్లేది. ఆ తోలు ఊని రైతుకు చెప్పులు, మోటకు తోలు బొక్కెనలు చేసివ్వాలి. బదులుగా పంట కాలంలో కళ్లం దగ్గర కొన్ని గింజలు. ఆ మాంసం కూడా కూలిలో భాగమే. ఆ మాంసం తింటారు కాబట్టే అంటరానివారన్నది మళ్లీ ఊరి మాట. జాతర వస్తే డప్పు కొట్టాలి. వెట్టికి వారం లేదు, వర్జ్యం లేదు. కేకేస్తే వెళ్లాల్సిందే.

ఇప్పుడు ఆ మూడు నియమాల్ని మళ్లీ చూడండి. ఒక్కొక్కటి ఒక్కో సంకెలను తెంపింది. చచ్చిన గొడ్డు ముందు వంగిన మనిషి లేచి నిలబడ్డాడు. విగ్రహం ముందు మోగిన డప్పు ఆగింది. ఏడు రోజుల్లో ఒక రోజున అతడికి ప్రభువు తప్ప మరో యజమాని లేకుండా పోయాడు. ద్వితీయోపదేశకాండము 5లో విశ్రాంతి దినానికి దేవుడు చెప్పిన కారణం కూడా ఇదే కదా! ఐగుప్తులో దాసులుగా ఉన్న సంగతి మరవవద్దని, దాసదాసీలకు కూడా విశ్రాంతి ఇమ్మని.

ఆ విధేయత తేలిగ్గా దొరకలేదు. ఆదివారం పనికి రానన్నవారికి మిగతా రోజుల్లోనూ పని లేకుండా చేశారు. డప్పు కొట్టమన్నవారిని కొట్టారు. అయినా వారు నిలబడ్డారు. రక్షణ సంపాదించుకోవాలని వారలా చేయలేదు. పేరయ్య ముందు ప్రభువును నమ్మాడు, నియమాలు ఆ తర్వాత వచ్చాయి. అపొస్తలుల కార్యములు 15లో యెరూషలేము పెద్దల తీర్పు కూడా ఇదే క్రమంలో నడిచింది. సున్నతి అవసరం లేదని ముందు తేల్చి, ఆ తర్వాతే విగ్రహాలకు అర్పించినవాటినీ, రక్తాన్నీ, గొంతు పిసికి చంపినదాన్నీ, జారత్వాన్నీ విడిచిపెట్టమన్నారు.

ఆ క్రమాన్ని దొరగారు ఎంత గట్టిగా కాపాడారో 1876-78 నాటి ధాత కరువు చూపించింది. ఆకలితో ఉన్నవారికి పని కల్పించాలని బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నారు. నాటి సర్వే చదువు అలా అక్కరకొచ్చింది. వేలాది మంది అక్కడ సువార్త విన్నారు, బాప్తిస్మం అడిగారు. గంజి కోసం వచ్చారేమోనన్న భయంతో పదిహేను నెలలు ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనివ్వలేదు. సాయం ఆగిపోయాక కూడా వచ్చినవారే వెల్లంపల్లి నదిలో దిగారు. ఆయన 1910 నవంబరులో అమెరికాలో కన్నుమూశారు.

నేడు మన జిల్లాల్లో ఈ ప్రశ్న మళ్లీ లేచింది. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని కుటుంబాలు తాము ఎఫ్రాయిము గోత్రం వారమని చెప్పుకుని, 1990ల తొలినాళ్ల నుంచి సమాజమందిరం పెట్టుకుని శనివారాన్ని ఆచరిస్తున్నాయి. వారు తమను యూదులమనే చెప్పుకుంటారు కాబట్టి వారి సంగతి వేరు. క్రీస్తునందు ఉన్నామంటూనే పండుగలూ, ఆహార నియమాలూ పాటించకపోతే రక్షణ లేదని బోధించేవారికి మాత్రం గలతీ పత్రిక చాలు. క్రీస్తు నెరవేర్చినదాన్ని మళ్లీ మనం మెడకు తగిలించుకోనక్కరలేదు.

అలాగని ధర్మశాస్త్రంలో దేవుని మనసును విడిచిపెట్టలేం. దాన్ని మన చేలలో చూడాలి. జనవరి నుంచి మిరప కోతలు. పత్తి తీతకు మనుషులు దొరకరు. ఆదివారం కూలికి వెళ్లిన తల్లిని సంఘంలో వేలెత్తి చూపుతాం. ఆమెను ఆ ఆదివారం కోతకు పిలిచిన విశ్వాసి మాత్రం ముందు వరుసలో కూర్చుంటాడు! విశ్రాంతి దినపు ఆజ్ఞ యజమానితో మొదలుపెట్టి దాసదాసీల్ని, పరదేశిని, ఎద్దును కూడా పేరుపెట్టి చెప్పింది. ఆమె ఒక పూట కూలి పోగొట్టుకుంటే పొయ్యి వెలగదు. ఆయన ఒక పూట కోత ఆపితే కాయ ఎక్కడికీ పోదు.

ప్రియులారా, మనకు పొలం ఉంటే ఈ కోతల కాలంలో కూలివారికి ఆదివారం విశ్రాంతి ఇద్దాం. వీలైతే ఆ రోజు కూలి కూడా ఇద్దాం. నాడు ఆ మూడు నియమాలు బానిసను నిలబెట్టాయి. నేడు మన ఆచారం ఎవరిని నిలబెడుతోందో, ఎవరి నడుము వంచుతోందో ప్రభువు సన్నిధిలో పరీక్షించుకుందాం.