చార్లెస్ హీఫీ

కుంచె, ఖడ్గం, కొలగొలుసు – ఈ మూడింటినీ ఒకే చేత పట్టినవాడు చార్లెస్ హీఫీ. ఆంగ్లేయుడైన ఇతడు 1820 ప్రాంతంలో జన్మించాడు. తండ్రి థామస్ హీఫీ పేరుగాంచిన చిత్రకారుడు. తండ్రి బాటలోనే నడిచిన చార్లెస్ లండన్‌లోని రాయల్ అకాడమీలో చిత్రకళను అభ్యసించాడు.

1839లో న్యూజిలాండ్ కంపెనీ ఇతనిని చిత్రలేఖకునిగా నియమించింది. మావోరీల భూములను సంపాదించి ఆంగ్లేయ వలసదారులకు విక్రయించడం ఆ సంస్థ వ్యాపారం. హీఫీ గీసిన దట్టమైన అడవులు, ప్రశాంతమైన రేవులు, మంచు కప్పిన తరనాకి పర్వతం లండన్ ప్రజలను ఆకర్షించాయి. ఆ సుందర చిత్రాలు వలసకు ప్రచార సాధనాలయ్యాయి.

1846లో థామస్ బ్రన్నర్‌తో కలిసి హీఫీ దక్షిణ ద్వీపపు పశ్చిమ తీరాన్ని అన్వేషించాడు. నిటారైన కొండలు, ఉద్ధృతమైన నదులు, ఆహారపు కొరత వారిని బాధించాయి. కేహు అనే మావోరీ మార్గదర్శి నైపుణ్యమే ఆ ప్రయాణంలో వారికి అండగా నిలిచింది. ఆ ప్రాంతంలోని ఒక సుప్రసిద్ధ కాలిబాట నేటికీ హీఫీ పేరుతోనే ఉంది. కేహు పేరు మాత్రం కొద్దిమందికే తెలుసు.

1863లో బ్రిటిష్ సేనలు మావోరీల వైకాటో ప్రాంతంపై దండెత్తాయి. ఆక్లండ్ స్వచ్ఛంద దళంలో ఉన్న హీఫీ ఆ యుద్ధంలో పాల్గొన్నాడు. 1864 ఫిబ్రవరి 11న మంగపికో నదీతీరంలో గాయపడి పడిపోయిన ఒక సైనికుని రక్షించడానికి తుపాకి గుండ్ల మధ్యకు వెళ్లాడు. తనకు మూడుచోట్ల గాయాలైనా క్షతగాత్రుల సేవ మానలేదు. విక్టోరియా క్రాస్ పతకం అప్పట్లో క్రమసైన్యానికే పరిమితం. ఆ నియమాన్ని సడలించి 1867లో ఇతనికి ఆ గౌరవాన్ని ప్రదానం చేశారు. అదే సంవత్సరం పార్నెల్ నియోజకవర్గం నుండి ఇతడు పార్లమెంటుకు ఎన్నికయ్యాడు.

యుద్ధానంతరం ప్రభుత్వం వైకాటోలో సుమారు 12 లక్షల ఎకరాల మావోరీ భూములను జప్తు చేసింది. వాటిని కొలిచి వలసదారులకు విభజించే సర్వే బాధ్యతను హీఫీ నిర్వహించాడు. ఏ నేల అందాన్ని కుంచెతో చిత్రించాడో, ఆ నేలను దాని బిడ్డల నుండి వేరుచేసే కార్యంలో తానూ భాగస్వామి అయ్యాడు.

క్షయవ్యాధి పీడితుడైన హీఫీ 1881లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరంలో మరణించాడు. 1960 వరకు ఆయన సమాధిపై పేరు చెక్కిన శిల కూడా లేదు. జప్తు జరిగిన నూరేళ్లకు పైగా గడిచాక, 1995లో బ్రిటిష్ రాచరికం తరఫున వైకాటో మావోరీలకు క్షమాపణ, పరిహారం లభించాయి.

తోటివాని ప్రాణం కోసం తన ప్రాణాన్ని లెక్కచేయని హీఫీ సాహసం నిస్సందేహంగా ప్రశంసనీయం. అయితే వ్యక్తి ఎంత ధీరుడైనా, అతడు సేవించిన కార్యం న్యాయమైనదా కాదా అని చరిత్ర విచారించక మానదు. హీఫీ జీవితం మనకు నేర్పే పాఠం ఇదే.