విధవరాలి నూనెకుండ: గ్రేస్ లివింగ్‌స్టన్ హిల్ జీవితం

గత నెల ఆరాధన ముగిశాక సంఘంలోని ఒక సహోదరి మా దగ్గరికి వచ్చి, కాస్త మొహమాటపడుతూ ఒక మాట అడిగారు. అమెరికాలో ఉంటున్న కూతురు ఆమె ఫోనులో కొన్ని ఇంగ్లీషు నవలలు పెట్టి ఇచ్చిందట. గుర్రపు బండ్లు, మైదానాలు, మట్టి ఇళ్ళు, వాటి మధ్య ఒక ప్రేమకథ. కథలో ప్రార్థన ఉంది, దేవుడు ఉన్నాడు. చదువుతుంటే సంతోషంగా ఉంది గాని, విశ్వాసులు ప్రేమ నవలలు చదవవచ్చా అన్నది ఆమె సందేహం. అవునో కాదో చెప్పే ముందు, ఇలాంటి నవలలకు బాట వేసిన ఒక స్త్రీ జీవితాన్ని మన పాఠకుల ముందు ఉంచాలనుకున్నాము.

ఆమె పేరు గ్రేస్ లివింగ్‌స్టన్ హిల్. 1865లో న్యూయార్క్ రాష్ట్రంలోని వెల్స్‌విల్‌లో పుట్టారు. తండ్రి ప్రెస్బిటేరియన్ సంఘ కాపరి, తల్లి రచయిత్రి. పిన్ని ఇసబెల్లా ఆల్డెన్ 'పాన్సీ' అనే కలం పేరుతో ఆ రోజుల్లో సండే స్కూలు పిల్లలందరికీ తెలిసిన రచయిత్రి. ఒక పుట్టినరోజుకు ఆ పిన్ని కానుకగా వెయ్యి తెల్ల కాగితాలు ఇచ్చి, వాటిని కథలతో నింపమని ప్రోత్సహించారు.

కుటుంబం ఫ్లోరిడాలో ఉన్న రోజుల్లో, న్యూయార్క్ రాష్ట్రంలోని షటాక్వా అనే చోట జరిగే వేసవి కూటాలకు వెళ్ళాలని ఆశపడ్డారు. అవి 1874లో సండే స్కూలు ఉపాధ్యాయుల శిక్షణ కోసం మొదలైన కూటాలు. కాపరి ఇంట్లో అంత దూరం ప్రయాణానికి డబ్బెక్కడిది? గ్రేస్ కూర్చుని ఒక చిన్న పుస్తకం రాశారు. 1887లో అది అచ్చయింది, దారి ఖర్చులు వచ్చాయి. ఆమె మొదటి పుస్తకం అలా పుట్టింది.

1892లో థామస్ ఫ్రాంక్లిన్ హిల్ అనే యువ సేవకుణ్ణి పెళ్ళాడారు. ఇద్దరు కూతుళ్ళు పుట్టారు. 1899లో అపెండిసైటిస్ వచ్చి భర్త మరణించారు. కొంతకాలానికే తండ్రి కూడా ప్రభువునందు నిద్రించారు. అంతవరకు ఇష్టంతో రాసిన చేయి ఇక అన్నం కోసం రాయవలసి వచ్చింది.

ఇక్కడ మాకు రెండవ రాజుల గ్రంథంలోని విధవరాలు గుర్తుకు వస్తుంది. అప్పులవాడు గుమ్మంలో ఉన్నాడు, ఇద్దరు పిల్లలు. ఇంట్లో ఏముందని ప్రవక్త అడిగితే ఆమె చూపించగలిగింది ఒక్క నూనెకుండే. గ్రేస్ ఇంట్లో ఉన్నది ఒక కలం. ఆ కలంతో ఆమె తన పిల్లలను పెంచారు. వందకు పైగా పుస్తకాలు రాశారు.

ఆ పుస్తకాల్లో కొన్ని పాఠకులను అమెరికా పడమటి దిక్కుకు తీసుకెళ్తాయి. 1862లో వచ్చిన ఒక చట్టం, ఐదేళ్ళు ఉండి సాగుచేసుకునే వారికి 160 ఎకరాల భూమి ఇస్తామనడంతో వేల కుటుంబాలు అటు తరలిపోయాయి. అక్కడి ఒంటరితనం, భయం, ఆశ కథలకు నేలయ్యాయి. 1908లో వచ్చిన 'ద గర్ల్ ఫ్రమ్ మోంటానా'లో అయినవాళ్ళందరినీ పోగొట్టుకున్న ఒక అమ్మాయి దుర్మార్గుడి నుంచి తప్పించుకుని, బంధువులను వెతుక్కుంటూ గుర్రం మీద తూర్పుకు బయలుదేరుతుంది. దారిలోనే ప్రార్థన నేర్చుకుంటుంది. 1914 నాటి 'ద మ్యాన్ ఆఫ్ ద డెజర్ట్'లో నాయకుడు అరిజోనా ఎడారిలో సేవచేసే మిషనరీ.

వీటికన్నా మా మనసుకు దగ్గరైనది 'మార్షియా షైలర్'. ఇది 1830ల నాటి న్యూయార్క్ రాష్ట్రపు కథ. పెళ్ళి ముందురోజు అక్క మరొకరితో వెళ్ళిపోతే, చెల్లెలు పెళ్ళిపీట ఎక్కుతుంది. భర్తకు తన మీద ప్రేమ లేదని తెలిసినా సహించి కాపురం చేస్తుంది. ప్రేమ నెమ్మదిగా వస్తుంది. 1979లో కెనడా రచయిత్రి జానెట్ ఓక్ రాసిన 'లవ్ కమ్స్ సాఫ్ట్లీ'లో కూడా పెళ్ళి ముందు, ప్రేమ తరువాత. పెద్దలు కుదిర్చిన సంబంధాల మధ్య పెరిగిన మనకు ఈ కథలు కొత్తగా అనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

మొదట్లో ప్రచురణకర్తలు ఆమె కథల్లోని సువార్త భాగాలను తరచూ తీసివేసేవారు. పుస్తకాలు బాగా అమ్ముడయ్యాక వాటిని ఉండనిచ్చారు.

అయితే ఆమె కథల్లో దొరికే సుఖాంతం ఆమెకు దొరకలేదు. 1904లో ఫ్లేవియస్ లట్జ్ అనే చర్చి ఆర్గనిస్టును రెండవ వివాహం చేసుకున్నారు. ఆ కాపురం నిలవలేదు. ఇద్దరూ విడిపోయారు, విడాకులు మాత్రం తీసుకోలేదు. తొలి నవలల అట్టల మీద హిల్ తరువాత లట్జ్ అని ఉండేది. తరువాతి పుస్తకాల్లో ఆ చివరి పేరు లేదు.

మరి ఆమె పాఠకులకు అబద్ధం చెప్పారా? మేము అలా అనుకోవడం లేదు. తనకు దక్కనిది ఇతరులకు దక్కాలని కోరుకోవడం అబద్ధం కాదు. ఆమె చేదును నలుగురికీ పంచలేదు. పెన్సిల్వేనియాలోని స్వార్త్‌మోర్‌లో ఉంటూ రాసుకున్నారు, ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలకు సండే స్కూలు నడిపారు. 1947లో కన్నుమూసే నాటికి చేతిలో ఒక నవల సగంలో ఉంది. దాన్ని కూతురు రూత్ పూర్తిచేశారు. ఆ కలంతో పెంచిన బిడ్డే ఆ కలాన్ని అందుకోవడం మాకు ఎంతో ఆదరణ కలిగించింది.

ఇక ఆ సహోదరి ప్రశ్న. అమ్మా, చదవండి. విధవరాలైన రూతు పరాయి పొలంలో పరిగె ఏరుకుంటూ బోయజు కంటపడిన కథను దేవుడే తన గ్రంథంలో పెట్టించాడు. కాని రెండు సంగతులు మరువకండి. ఈ నవలల్లోని ఖాళీ మైదానాలు నిజానికి ఖాళీగా లేవు. అక్కడ తరతరాలుగా బ్రతికిన ఆదివాసులను తరిమివేశాకే ఆ 160 ఎకరాలు పంచారు. చాలా కథలు ఆ కన్నీళ్ళ మాట ఎత్తవు, గ్రేస్ గారి కథలు కూడా తమ కాలపు చూపును దాటలేదు. రెండవది, కథలోని నాయకుణ్ణి కొలబద్దగా పెట్టి మీ ఇంటి మనిషిని కొలవకండి. ఆ కథలు రాసిన ఆమెకే అలాంటి భర్త చివరిదాకా తోడు లేడు.

ఆమెకు చివరిదాకా తోడున్నవాడు ప్రభువు. మన సంఘాల్లో ఈ వారం ఖాళీ కుండ చూస్తూ కూర్చున్న విధవరాళ్ళు ఎందరున్నారో ఒకసారి లెక్కపెట్టుకుందాం. వారి ఇంట్లో ఏముందో వెళ్ళి అడుగుదాం. కుట్టుమిషనో, కలమో, వంట చేసే చేతులో, అది ఏదైనా దాన్ని మొదలుపెట్టడానికి తోడుగా నిలబడదాం.