అసాధ్యమన్నారు.. ఆగలేదు: బెలౌసోవ్ కథ

సోవియట్ రసాయన శాస్త్రవేత్త బొరిస్ బెలౌసోవ్ 1893లో మాస్కోలో పుట్టారు. జీవకణంలో శక్తినిచ్చే చక్రాన్ని గాజు పాత్రలో అనుకరించబోయి సిట్రిక్ ఆమ్లం, బ్రోమేట్, సీరియం కలిపారు. ద్రావణంలో పసుపు రంగు మాయమైంది, తిరిగి వచ్చింది, మళ్లీ మాయమైంది. ఇలా జరగడం అసాధ్యమంటూ 1951లో ఆయన వ్యాసాన్ని తిప్పి పంపారు. 1959లో చిన్న సారాంశంగా మాత్రమే అచ్చయింది. తర్వాత జబొటిన్‌స్కీ ఆ పనిని ముందుకు తీసుకెళ్లారు. బెలౌసోవ్ 1970లో కన్నుమూశారు. లెనిన్ బహుమతి 1980లో, మరణానంతరం దక్కింది.

1996లో జపాన్ పరిశోధకులు ఇదే చర్యతో తనంతట తానే ఉబ్బి, ముడుచుకునే జెల్ తయారుచేశారు. లయ ఆగిపోయిన అలాంటి జెల్‌ను నొక్కితే రంగుల మార్పు మళ్లీ మొదలవుతుందని 2012లో అమెరికాలోని ఎంఐటీ బృందం చూపింది. నాడు తిరస్కరించిన చర్యే నేడు ఒత్తిడిని పసిగట్టే పదార్థాల అన్వేషణకు దారి చూపుతోంది.