క్లాడ్ షానన్

క్లాడ్ ఎల్వుడ్ షానన్ (ఏప్రిల్ 30, 1916 - ఫిబ్రవరి 24, 2001) అమెరికాకు చెందిన ప్రఖ్యాత గణిత శాస్త్రవేత్త, ఇంజనీరు. సమాచార సిద్ధాంతానికి ఆద్యుడు. ఒక సందేశాన్ని ఎంతవరకు కుదించవచ్చో, రొద ఉన్న మార్గంలో దానిని ఎంత వేగంగా తప్పులు లేకుండా పంపవచ్చో లెక్కకట్టే విధానాన్ని ఈయన రూపొందించాడు.

బాల్యం, విద్యాభ్యాసం

షానన్ మిచిగన్ రాష్ట్రంలోని పెటోస్కీలో జన్మించి, గేలార్డ్ అనే చిన్న పట్టణంలో పెరిగాడు. చిన్నతనంలోనే ముళ్ళతీగను తంతి తీగగా వాడి, అరమైలు దూరంలోని స్నేహితుని ఇంటికి సందేశాలు పంపాడు. 1936లో మిచిగన్ విశ్వవిద్యాలయం నుండి గణితంలోను, ఎలక్ట్రికల్ ఇంజనీరింగులోను పట్టాలు పొంది ఎం.ఐ.టి.లో చేరాడు. 1937లో, 21 ఏళ్ళ వయస్సులో వ్రాసిన మాస్టర్స్ సిద్ధాంత వ్యాసంలో రిలే వలయాలను బూలియన్ బీజగణితంతో విశ్లేషించవచ్చునని చూపాడు. డిజిటల్ కంప్యూటర్ల రూపకల్పనకు ఇది పునాది అయినది. 1940లో జన్యుశాస్త్ర గణితంపై డాక్టరేటు పొందినా ఆ రంగంలో కొనసాగలేదు.

1948 నాటి వ్యాసం

1941లో బెల్ ప్రయోగశాలలో చేరిన షానన్ యుద్ధకాలంలో గూఢలిపి శాస్త్రంపై పనిచేశాడు. 1948 జూలై, అక్టోబరు నెలల్లో బెల్ సిస్టమ్ టెక్నికల్ జర్నల్‌లో రెండు భాగాలుగా వెలువడిన వ్యాసం ఆయన కీర్తికి ప్రధాన కారణం. సందేశపు అర్థంతో ఇంజనీరుకు నిమిత్తం లేదనీ, సాధ్యమైన సందేశాలలో నుండి ఏది ఎన్నికైనదో తెలియజేయడమే ప్రసార సమస్య అనీ ఆయన భావించాడు. సమాచారానికి కొలమానం బిట్. ఈ మాటను సూచించినది జాన్ టూకీ.

ఉదాహరణకు ఒక భాషలో నాలుగే అక్షరాలు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్క దానికి రెండేసి బిట్లు కేటాయిస్తే 1000 అక్షరాలకు 2000 బిట్లు కావాలి. కానీ మొదటి అక్షరం సగం సార్లు, రెండవది పావు వంతు, మిగిలినవి ఎనిమిదో వంతు చొప్పున వస్తే, వాటికి వరుసగా 0, 10, 110, 111 అనే సంకేతాలు ఇవ్వవచ్చు. అప్పుడు సగటున 1750 బిట్లు చాలు. అంతకంటే తగ్గించడం ఎవరి తరమూ కాదు. ఆ హద్దునే షానన్ ఎంట్రోపీ అన్నాడు. ఇటువంటి ఉత్తమ సంకేతాలను నిర్మించే పద్ధతిని 1952లో డేవిడ్ హఫ్‌మన్ ప్రచురించాడు.

రెండవ ఫలితం మరింత ఆశ్చర్యకరమైనది. తప్పులు తగ్గాలంటే వేగం తగ్గించుకోక తప్పదని అంతకు పూర్వం ఇంజనీర్లు నమ్మేవారు. ప్రతి మార్గానికీ ఒక సామర్థ్యం ఉంటుందనీ, దానికి లోబడిన ఏ వేగంలోనైనా తప్పులను కోరినంత తక్కువకు తేవచ్చుననీ షానన్ నిరూపించాడు. అయితే ఆచరణకు వీలైన సంకేతాలు ఎలా తయారుచేయాలో ఆ నిరూపణ చెప్పదు. 1950లో రిచర్డ్ హామింగ్ ప్రచురించిన దోష సవరణ సంకేతాలు తొలి మెట్టు కాగా, 1993లో టర్బో సంకేతాలు వచ్చేవరకు ఆ హద్దుకు అతి సమీపంగా చేరడం సాధ్యపడలేదు.

తరువాతి జీవితం

1949లో బెట్టీ మూర్‌ను వివాహమాడాడు. 1956 నుండి 1978 వరకు ఎం.ఐ.టి.లో ఆచార్యునిగా పనిచేశాడు. పద్మవ్యూహం వంటి దారుల్లో తిరిగి, నేర్చుకున్న దారిని గుర్తుంచుకునే థీసియస్ అనే యాంత్రిక ఎలుకను తయారుచేశాడు. ఒంటిచక్రపు సైకిలు తొక్కడం, బంతులు ఎగరవేసి పట్టడం ఆయనకు సరదా. 1985లో క్యోటో బహుమతి లభించింది.

చివరి సంవత్సరాలలో అల్జీమర్స్ వ్యాధి ఆయన జ్ఞాపకశక్తిని హరించింది. ఆయన సిద్ధాంతంపై నిలిచిన ఇంటర్నెట్, సెల్ ఫోన్లు ఇంటింటికీ చేరుతున్న కాలంలోనే ఆయన నర్సింగ్ హోమ్‌లో ఉన్నాడు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని మెడ్‌ఫర్డ్‌లో 84 ఏళ్ళ వయస్సులో మరణించాడు.