గ్రహణికి మందు వెదకిన ఆంధ్రుడు

మన ప్రేగులలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురముండుననియు, వానిలో పెక్కు మనకు మేలు చేయుననియు నేడు బడిపిల్లలును ఎరుగుదురు. అట్టి జీవి యొకటి యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనకు త్రాసుగా పనిచేసిన సంగతి మాత్రము పలువురెరుగరు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషన్ పరీక్ష మూడవసారికిగాని కృతార్థులు కాలేదు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున శస్త్రవైద్యాచార్యునకు కోపము కలిగెను, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చెను. పట్టము మాట అటుండనిండు. అంతకు మించిన పిడుగు ఆ యింట పడెను. సోదరులిరువురు కొలది దినముల వ్యవధిలో స్ప్రూ అను గ్రహణి వ్యాధికి బలియైరి. ఆ వ్యాధిలో చిన్నప్రేగు లోపలి పొర చెడి, తిన్నది ఒంటబట్టదు. ఎడతెగని విరేచనములు, నాలుకపూత, రక్తహీనత. కంచములో అన్నముండియు మనిషి శుష్కించిపోవును.

1922లో ఆయన బోస్టను చేరి హార్వర్డులో ఉష్ణమండల వైద్యము నభ్యసించిరి. అచట ఫిస్కే అను ఆచార్యునితో కలిసి భాస్వరమును కొలుచు పద్ధతిని కనిపెట్టిరి. కండరములకు శక్తినిచ్చు ద్రవ్యములను వెలికితీసిరి. ఇంత చేసినను స్థిరమైన ఆచార్యపదవి లభింపలేదు. ఇంటివద్ద భార్య ఎదురుచూచుచునే యుండెను. ఆయన మరల స్వదేశము చూడలేదు.

1940లో లెడర్లే పరిశోధనాలయమున చేరినపిమ్మట పాత పగ జ్ఞప్తికి వచ్చెను కాబోలు! రక్తహీనతను పోగొట్టు పదార్థమొకటి కాలేయములో కలదు. కాని అది అత్యల్పము, మామూలు త్రాసుకు అందదు. ఇచటనే లాక్టోబాసిల్లస్ కేసీ అను జీవి అక్కరకు వచ్చెను. పాలను పులియబెట్టు కులములోనిది. మన ప్రేగులలోను కానవచ్చును. అరకులోయ గిరిజనుల పులిసిన చోడి అంబలికి పులుపునిచ్చునవియు దీని జ్ఞాతులే. ఆ పదార్థము లేనిదే ఈ జీవి వృద్ధి చెందదు. కావున కాలేయసారమును చుక్కగా వేసి, జీవి ఎంత పెరిగినదో చూచి, అందలి పదార్థ మెంతయో లెక్కించిరి. ఆయన బృందము 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసెను. అదియే ఫోలిక్ ఆమ్లము. మన పెద్దప్రేగులోని కొన్ని బాక్టీరియాలును దీనిని తయారుచేయును. శరీరము అందు కొంత గ్రహించును. అది చాలదు గనుక ఆకుకూరలు తినవలసినదే.

ఆయన పర్యవేక్షణలోనే డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని జీవినుండి ఆరియోమైసిన్ అను మందును సాధించెను. 1948లో అది లోకమునకు వెల్లడియయ్యెను. ఇట్టి మందులు శత్రుమిత్ర భేదమెరుగక ప్రేగులలోని మేలుజీవులనుకూడ చంపునని తరువాతి పరిశోధనలు తేల్చినవి. సుబ్బారావుగారు అది చూడలేదు. ఆ సంవత్సరము ఆగస్టులో, తమ 53వ యేట, నిద్రలోనే కన్నుమూసిరి.

నేటికిని ఉష్ణదేశపు స్ప్రూ రోగికి వైద్యులిచ్చునవి రెండు: ఫోలిక్ ఆమ్లము, ఆరియోమైసిన్ సంతతిదైన టెట్రాసైక్లిన్.