సుహృల్లేఖ

ఖమ్మము జిల్లాలోని నేలకొండపల్లి పేరు వినినంతనే, భద్రాచలమున శ్రీరామునకు ఆలయము కట్టించిన రామదాసు జ్ఞప్తికి వచ్చును. అది ఆ భక్తుని జన్మస్థలము. ఆ యూరి చెంతనే అంతకంటె ప్రాచీనమైన ఇటుక స్తూప మొకటి కలదు. పూర్వము బౌద్ధధర్మము కృష్ణాతీరమునుండి ఈ సీమవరకును వ్యాపించె ననుటకు అది సాక్షి. ఆ ధర్మమును బోధించిన ఆచార్యులలో అగ్రగణ్యుడు నాగార్జునుడు.

నాగార్జునుడు సుమారు 2వ శతాబ్దమువాడు. దక్షిణదేశమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, బాల్యముననే వేదవిద్య నేర్చెనని కుమారజీవుడు చీనా భాషలో నందించిన చరిత్ర తెలుపుచున్నది. పిదప భిక్షువై, 27 ప్రకరణముల మూలమధ్యమకకారికను రచించెను. వస్తువు శాశ్వతముగా ఉన్నదనుట, అసలే లేదనుట అను రెండు కొనలను విడిచి నడిమి దారిని చూపుటచే దాని కా పేరు గలిగెను. కృష్ణాతీరమందలి నాగార్జునకొండ ఆయన పేరనే వెలసినది.

అంతటి తర్కవేత్తకు శాతవాహన రాజొకడు మిత్రుడు. అతడు యజ్ఞశ్రీ యని కొందరి మతము. రాజులకు జాబులు వ్రాయువారు వేడుకొనుటయో, పొగడుటయో పరిపాటి. భిక్షువునకు ఆ రెంటితోను పని లేదు. గురుస్థానమున నిలిచి శాసింపవచ్చును. ఆయన అట్లును చేయలేదు. నూటికి పైబడిన శ్లోకములతో హితము చెప్పుచు ఒక జాబు వ్రాసెను. దాని పేరే సుహృల్లేఖ.

సుహృత్, లేఖ అను పదములు కలియగా, ఉల్లేఖనమునందువలె, తకారము లకారమైనది. సుహృత్తనగా మంచి హృదయము గలవాడు; ప్రత్యుపకారము కోరక మేలు తలచువాడు. కావుననే ఆ జాబులో ముఖస్తుతి లేదు. తల్లిదండ్రులను పూజింపుమనియు, సంపదలు నిలువవనియు రాజునకు బోధించెను. మనుష్యులు మామిడిపండ్లవంటివారనియు, పండినట్లు కనబడు పచ్చికాయలును, పచ్చిగా కనబడు పండ్లును వారిలో కలవనియు తెలిపెను. సింహాసనముచుట్టు చేరువారిని ఎరుగుటకు ఇంతకంటె అక్కఱకు వచ్చు మాట ఏమి యుండును?

7వ శతాబ్దమున మన దేశమునకు వచ్చిన చీనా యాత్రికుడు ఇత్సింగు, ఇచ్చటి విద్యార్థులు చదువు తొలినాళ్లలోనే దీనిని కంఠస్థము చేయుదురని వ్రాసెను. తానే దానిని చీనా భాషలోనికి అనువదించెను. శాతవాహనుల రాజ్యము అంతరించెను. జాబు నందుకొన్న రాజెవ్వడో నిర్ణయించుటయే కష్టమయ్యెను. జాబు మాత్రము చీనా, టిబెటు అనువాదములలో చిరకాలము నిలిచెను.

బాలలారా! మన మెచ్చుకోలు నాశింపక మన తప్పును మనకు చెప్పువాడే సుహృత్తు. అట్టివానిపై అలుగకుడు.